స్వారీ క్లాసులో చేరాను, బడ్జెట్ 12 వేలు: ఏవి కొనాలి, ఏవి ఆపాలి?

కొత్త_రౌతు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో చేరాను. వారానికి రెండు రోజులు, పొద్దున 6 గంటల క్లాసు, మొత్తం 20 క్లాసులు. నాకు 29 ఏళ్ళు, ఇదివరకు గుర్రం ఎక్కలేదు. స్కూలువాళ్ళు ఇచ్చిన జాబితాలో హెల్మెట్, జోధ్‌పూర్లు (స్వారీ ప్యాంట్లు), పొడుగు బూట్లు, చాప్స్ (పిక్కలకి చుట్టుకునే తొడుగులు), గ్లవ్స్, బాడీ ప్రొటెక్టర్ (ఛాతీనీ వీపునీ కాపాడే కోటు), విప్ (కొరడా) ఉన్నాయి. ఆన్‌లైన్లో లెక్కేస్తే 35 వేలు దాటింది. నా దగ్గర ఉన్నది 12 వేలు.

ఐఎస్ఐ మార్కున్న స్కూటీ హెల్మెట్ ఇంట్లో ఉంది, అది సరిపోతుందా? మొదటి నెల స్పోర్ట్స్ షూస్‌తో లాగించొచ్చా? జీన్స్ వేసుకోవాలా, జిమ్ లెగ్గింగ్సా? నాది నడుము దాకా ఉండే జుట్టు, హెల్మెట్ కింద ఎలా సర్దుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సవారీ_మాస్టారు:
స్కూటీ హెల్మెట్ వద్దండీ. దాని మీదున్న ఐఎస్ 4151 రోడ్డు మీద బండి నడిపేవాళ్ళ కోసం పెట్టిన ప్రమాణం. గుర్రం మీద అది మూడు చిక్కులు తెస్తుంది. చెవులు మూసేస్తుంది కాబట్టి మాస్టరు మాటా, వెనక వచ్చే గుర్రం అడుగుల చప్పుడూ వినపడవు. ఫుల్ ఫేస్ అయితే కిలో పైనే బరువు, ట్రాట్‌లో, అంటే గుర్రం దుడుకు నడకలో, ఒళ్ళు పైకీ కిందకీ లేస్తుంటే ఆ బరువంతా మెడ మీదే. ఇక గడ్డం ముందున్న కమ్మీ వల్ల కిందికి చూపు ఆనదు. సైకిల్ హెల్మెట్ తేలికే గానీ తల వెనక కింది భాగాన్ని సరిగ్గా కప్పదు. గుర్రం మీంచి పడేవాళ్ళు ఎక్కువగా పక్కకో వెనక్కో పడతారు, పైగా కింద పడ్డాక డెక్క తగిలే ప్రమాదం వేరే ఉంది.

కొనేముందు హెల్మెట్ తిరగేసి లోపలి స్టిక్కర్ చదవండి. ఈఎన్ 1384, వీజీ1 01.040, పీఏఎస్ 015, ఏఎస్‌టీఎం ఎఫ్1163, ఈ స్వారీ హెల్మెట్ ప్రమాణాల్లో ఏదో ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో స్పష్టంగా అచ్చయి ఉండాలి. పక్కనే తయారీ నెల, సంవత్సరం ఉండాలి. ఈఎన్ 1384 అని ఉంటే దాని పక్కన ఏ సంవత్సరం వేశారో కూడా చూడండి. పాత రూపాన్ని పక్కన పెట్టేశారు, 2017 లేదా ఆ తర్వాతిది అయితే తీసుకోండి. పైన నల్ల వెల్వెట్ అతికించి అందంగా కనిపించే టోపీలు కొన్ని అమ్ముతారు, లోపల ఏ ప్రమాణమూ ఉండదు. అవి ఫొటోకి తప్ప తలకి పనికిరావు. చూడటానికి ఎంత బాగున్నా కొనకండి, దయచేసి.

సైజు ఎలా చూడాలంటే, కనుబొమలకి ఒక వేలు పైన, వెనక తల ఎక్కువగా ఉబ్బిన చోటు మీదుగా టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలవండి. స్వారీకి ఎలా జుట్టు కడతారో అలా కట్టుకునే కొలవాలి. హెల్మెట్ పెట్టుకున్నాక దాని అంచు కనుబొమలకి రెండు, రెండున్నర సెంటీమీటర్ల పైన, నేలకి సమంగా ఉండాలి. నుదురంతా కనిపించేలా వెనక్కి వాలిందంటే లెక్కలోకి రాదు. తర్వాత గడ్డం పట్టీ పెట్టకుండా తల ముందుకు వంచి మెల్లగా అటూ ఇటూ ఊపండి. హెల్మెట్ జారిపోకూడదు, నుదుటి చర్మం కూడా దానితోపాటు కదలాలి. అదే మంచి గుర్తు.

పావుగంట అలాగే పెట్టుకుని కూర్చోండి. నుదుటి మధ్యలో నొప్పి పుడితే మీ తలకి అది మరీ గుండ్రం. కణతల దగ్గర నొక్కితే మరీ కోల. రెండు సందర్భాల్లోనూ సైజు పెంచితే పని జరగదు, వేరే కంపెనీ ఆకారం చూడాలి. వెనక తిప్పే డయల్ చిన్న సర్దుబాటుకే. పెద్ద సైజు కొని డయల్ బిగించుకుంటే పడ్డప్పుడు హెల్మెట్ పక్కకి తిరిగిపోతుంది. పట్టీలు చెవి కింద వై ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరేంత సందు చాలు.

స్కూలు ఇచ్చే హెల్మెట్‌తో మొదలుపెట్టడం తప్పు కాదు, కానీ అదే స్టిక్కర్ పరీక్ష దానికీ పెట్టండి. తయారై ఐదేళ్ళు దాటినా, పట్టీ క్లిప్పు వదులైనా ఇంకోటి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. లోపల తెల్లగా థర్మోకోల్ లాంటి నురుగు ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది తాను నలిగి తలని కాపాడుతుంది. ఒకసారి నలిగాక మళ్ళీ లేవదు, పైన పెంకు మీద గీత కూడా కనిపించకపోవచ్చు. అందుకే పడ్డ హెల్మెట్ మార్చాలంటారు, అందుకే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎంత చవకగా వచ్చినా వద్దంటారు. ఎండాకాలం కారు డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి నురుగూ, లోపలి జిగురూ దెబ్బతింటాయి.

మీ 12 వేలలో దాదాపు సగం హెల్మెట్‌కి కేటాయించండి. మిగిలినదాంట్లో బూట్లు, చాప్స్. బట్టల సంగతి ఆఖర్న. విప్ కొనకండి, అవసరమైన రోజున స్కూలే ఇస్తుంది. స్పర్స్ (బూటు మడమకి కట్టుకునే లోహపు ముల్లు) జోలికి అసలే వెళ్ళొద్దు. జీను మీద కాలు నిలకడగా ఆగేదాకా స్పర్ వేసుకుంటే, తెలియకుండానే ప్రతి అడుగుకీ గుర్రం డొక్కలో పొడుస్తూ ఉంటారు.

జీను_తోలు:
మాస్టారు తల సంగతి చెప్పారు, నేను కాళ్ళ సంగతి చెప్తాను.

స్పోర్ట్స్ షూస్ ఎందుకు వద్దో తెలియాలంటే పాదాన్ని రికాబులో (జీను నుంచి వేలాడే, పాదం పెట్టే లోహపు వలయంలో) పెట్టి చూడాలి. పాదంలో వెడల్పైన భాగం రికాబు కమ్మీ మీద ఆనుతుంది, మడమ కిందికి దిగి ఉంటుంది. గుర్రం ఉలిక్కిపడి మీ బరువు ముందుకి తూలితే పాదం రికాబులోకి ఇంకా దూరబోతుంది. అప్పుడు బూటు మడమ ముందున్న మెట్టు కమ్మీకి తగిలి ఆపాలి. స్పోర్ట్స్ షూకి ఆ మెట్టు లేదు, అడుగు చదును. పాదం చీలమండ దాకా దూరిపోతుంది. అలా దూరిన పాదంతో పడితే గుర్రం మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది. స్వారీలో అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. పైగా లేసు ముడి, మెత్తటి పైభాగం, పక్కలకి ఉబ్బిన సోలు, ఇవన్నీ ఇరుక్కునేవే.

దీనికి ఎదురు తప్పు ట్రెక్కింగ్ బూట్లు, ఫ్యాక్టరీ సేఫ్టీ షూస్. వాటికి మడమ ఉంటుంది గానీ సోలు కింద లోతైన గాళ్ళు ఉంటాయి. రికాబు కమ్మీ ఒక గాడిలో పడి కూర్చుంటే పాదం వెనక్కి రాదు. కావలసింది రెండు రెండున్నర సెంటీమీటర్ల మడమ, దాదాపు నున్నటి సోలు, చీలమండ దాటి నాలుగు వేళ్ళు పైకి వచ్చే తోలు బూటు. స్వారీవాళ్ళు దీన్నే జోధ్‌పూర్ బూట్ లేదా ప్యాడక్ బూట్ అంటారు. పక్కన ఎలాస్టిక్ ఉన్న చెల్సీ బూటు ఇంట్లో ఉంటే, మడమ మెట్టు స్పష్టంగా ఉంటే, సోలు నున్నగా ఉంటే మొదటి నెలలు దానితోనే గడవొచ్చు. మొదటి రోజు రికాబు కొలత కూడా చూసుకోండి. బూటు వెడల్పైన చోట కొలిచి రెండు, రెండున్నర సెంటీమీటర్లు కలిపితే రికాబు లోపలి వెడల్పు రావాలి. పెద్దలకి మామూలుగా పెట్టేవి నాలుగున్నర, నాలుగుముప్పావు అంగుళాలవి, అంటే పదకొండున్నర, పన్నెండు సెంటీమీటర్లవి. అంతకంటే ఇరుకైతే పాదం బిగుసుకుంటుంది, మరీ వెడల్పైతే మొత్తం దూరిపోతుంది.

పొడుగు బూట్లు ఇప్పుడు వద్దు. అసలు తోలువి మీ బడ్జెట్ మొత్తాన్ని మింగేస్తాయి, రబ్బరువి హైదరాబాద్ వేడికి కాళ్ళని ఉడకబెడతాయి. పొట్టి బూటు మీద హాఫ్ చాప్స్ వేసుకుంటే అదే పని జరుగుతుంది. రికాబుని మోసే తోలు పట్టీ పిక్క చర్మాన్ని నొక్కి నల్లగా కమిలేలా చేస్తుంది, చాప్స్ దాన్ని ఆపుతాయి, పైగా కాలు జారకుండా పట్టు ఇస్తాయి.

వాటికి కొలతలు రెండు. కుర్చీలో మోకాలు వంచి కూర్చుని, పిక్క లావైన చోట చుట్టుకొలత, బూటు వేసుకుని నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు. జోధ్‌పూర్ వేసుకునే కొలవండి. తోలు చాప్స్ కొత్తలో బిగుతుగా, మోకాలి వెనక కొంచెం గుచ్చుకునేంత ఎత్తుగా ఉంటేనే మంచిది. నాలుగైదు వారాలు వాడాక చీలమండ దగ్గర ముడతలు పడి ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతాయి. కొత్తలోనే హాయిగా ఉన్నవి నెల తిరక్కుండానే జారతాయి. జిప్ బయటివైపు రావాలి, నున్నటి తోలు లేదా స్వెడ్ ఉన్న వైపు గుర్రం ఒంటికి ఆనాలి. కింద ఎలాస్టిక్ పట్టీ సోలు కిందుగా వెళ్ళి మడమ ముందు నిలవాలి.

జిప్‌లు తెగేది ఎక్కువగా దుమ్ము వల్లే. రింగులో, అంటే స్వారీ చేసే ఆవరణలో, ఇసుక ఎగిరి పళ్ళలో చేరుతుంది, దాని మీద బలవంతంగా లాగితే పళ్ళు ఊడతాయి. ప్రతి క్లాసు తర్వాత పాత టూత్‌బ్రష్‌తో పొడిగా తుడవండి, నెలకోసారి కొవ్వొత్తి ముక్క రుద్దండి. తెగినా పారేయొద్దు. చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్తే పెద్ద పళ్ళ జిప్ వేసి ఇస్తాడు.

కాన్పూర్ జీను పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, విదేశీ కంపెనీలు అక్కడి నుంచి తోలు సామాన్లు తెప్పించుకుంటాయి. అక్కడ తయారైన చాప్స్, బూట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ధరకి తగ్గ నాణ్యత ఉంటుంది. కానీ హెల్మెట్ విషయంలో 'ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ' అన్న మాటకి విలువ లేదు. స్టిక్కర్ ఒక్కటే చూడండి.

జూలు_పట్టు:
చెల్లీ, బట్టలూ జుట్టూ నేను చెప్తాను.

జీన్స్ వద్దు. రెండు కాళ్ళ లోపలివైపు మందమైన కుట్టు ఉంటుంది, అది సరిగ్గా జీను మీద ఆనే చోటే. అరగంట ట్రాట్‌కి తొడ లోపల, మోకాలి దగ్గర తోలు లేచిపోతుంది. వదులు ట్రాక్ ప్యాంటు పైకి ఎగబాకి మోకాలి వెనక ఉండలు కడుతుంది. జిమ్ లెగ్గింగ్స్ మొదటి నాలుగైదు క్లాసులకి పర్వాలేదు, కాకపోతే జారుడు బట్ట కాబట్టి జీనులో నిలవడం కష్టం, మోకాళ్ళతో జీనుని నొక్కి పట్టుకోవడం అలవాటైపోతుంది. ఆ అలవాటు తర్వాత వదలదు. కింద పిక్కల దాకా వచ్చే పొడుగు మేజోళ్ళు మాత్రం తప్పక వేసుకో.

తర్వాత ఒక్క జత జోధ్‌పూర్లు చాలు. మోకాళ్ళ దగ్గర మాత్రమే ప్యాచ్ ఉన్నవి తీసుకో. కూర్చునే చోటంతా సిలికాన్ ఉన్నవి ఖరీదు, వేడి కూడా. రైజింగ్ ట్రాట్ నేర్చుకునేటప్పుడు లేచి కూర్చోవాలి కదా, ఆ సిలికాన్ జీనుకి అతుక్కుని లేవనివ్వదు. డెకాథ్లాన్ వాళ్ళ స్వారీ బ్రాండ్ ఫూగాంజాలో మొదటి రకమే మనకి సరిపోతుంది. జోధ్‌పూర్ చీలమండ దాకా ఉంటుంది, బ్రీచెస్ పిక్క మధ్యలో ఆగిపోతుంది. నువ్వు వేసుకునేది పొట్టి బూట్లు కాబట్టి జోధ్‌పూరే అడుగు.

కొట్లో వేసుకుని నిలబడి చూస్తే ఏమీ తెలియదు. సోఫా చేతి మీద గుర్రం ఎక్కినట్టు కూర్చో. మోకాలి ప్యాచ్ మోకాలి లోపలివైపు రావాలి, నడుము వెనక బట్ట కిందికి జారకూడదు. దర్జీ చేత కుట్టించుకుంటానంటే నాలుగు వైపులా సాగే బట్టే ఇవ్వు, లోపలివైపు కుట్టు రాకుండా పక్కకి వేయమను. సాగని కాటన్‌తో బిగుతుగా కుట్టిస్తే మొదటిసారి రికాబులో కాలు పెట్టి ఎక్కగానే చిరుగుతుంది. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి జోధ్‌పూర్ నుంచి సర్ ప్రతాప్ సింగ్ లండన్ వెళ్ళినప్పుడు ఈ ప్యాంట్లకి అక్కడ పేరొచ్చిందంటారు. అప్పటివి తొడల దగ్గర బుడగల్లా ఉబ్బి ఉండేవి. సాగే బట్ట లేని రోజుల్లో మోకాలు వంగాలంటే అంత వదులు కావాలి.

ఉతికేటప్పుడు తిరగేసి చన్నీళ్ళలో వెయ్యి, కంఫర్ట్ లాంటివి పోయకు, సిలికాన్ పట్టు పోతుంది. ప్యాచ్ మీద ఇస్త్రీ పెట్టకు. నీడలో ఆరేస్తే చాలాకాలం వస్తుంది.

లోపల కుట్లు లేని లోదుస్తులు, గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా. వీటి మీద పొదుపు చేయకు. పైన ఒంటికి పట్టి ఉండే టీషర్టు, ప్యాంటులోకి దోపుకో. వేలాడే కుర్తీ, చున్నీ, హుడీ తాళ్ళు జీనుకి తగులుకుంటాయి.

జుట్టు: కొప్పు పైకి పెడితే హెల్మెట్ కూర్చోదు. మెడ వెనక కిందుగా ఒకే జడ వేసి, జడని టీషర్టు లోపలికి దోపు, లేకపోతే చిన్న ముడి చుట్టి నెట్ పెట్టు. పిన్నులూ క్లచ్చర్లూ వద్దు, పడితే తలలో గుచ్చుకుంటాయి. ముందురోజు రాత్రి కొబ్బరినూనె దట్టంగా రాస్తే పొద్దున హెల్మెట్ జారుతుంది, లోపలి గుడ్డ కంపు కొడుతుంది. గుడ్డ ఊడదీసి ఉతుక్కునే రకం కొనుక్కో.

నగలు ఇంట్లోనే పెట్టి రా. జుంకాలు, గాజులు, పొడుగు గొలుసు, ఉంగరాలు ఏవీ వద్దు. పగ్గం వేలికి చుట్టుకుని గుర్రం తల విదిలిస్తే ఉంగరం ఉన్న వేలికి పెద్ద ప్రమాదం. నల్లపూసలు తీయడం ఇష్టం లేకపోతే పొట్టివి వేసుకుని టీషర్టు లోపలికి దోపుకో. పట్టీలూ మెట్టెలూ బూటులో ఒరుసుకుని పుండు పడతాయి.

గ్లవ్స్ చవకవే చాలు, వేళ్ళకి పట్టి ఉండాలి. పగ్గం చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య నుంచి వెళ్తుంది, అక్కడ అదనపు ముక్క కుట్టి ఉందో లేదో చూడు. అది లేనివి అక్కడే చిరుగుతాయి. బండివాళ్ళ మందపాటి గ్లవ్స్‌తో గుర్రం నోటి కదలిక పగ్గం ద్వారా చేతికి తెలియదు.

డాలస్_నుంచి:
అమెరికా నుంచి బంధువులు ఎవరైనా వస్తుంటే హెల్మెట్ తెప్పించుకోవచ్చు. ఇక్కడ ఏఎస్‌టీఎం ఎఫ్1163తోపాటు ఎస్‌ఈఐ (పరీక్షించి ధ్రువీకరించే సంస్థ) ముద్ర ఉన్నవి చూడమనండి. ట్రాక్సెల్ లాంటి కంపెనీలు నేర్చుకునేవాళ్ళ కోసం చవక రకాలు చేస్తాయి. వర్జీనియా టెక్ యూనివర్సిటీ ల్యాబ్ 2022 డిసెంబరు నుంచి స్వారీ హెల్మెట్లకి నక్షత్రాలు ఇస్తోంది, ఆ పట్టిక ఎవరైనా చూడొచ్చు, పక్కనే ధర కూడా ఉంటుంది. ఖరీదైనదే బాగా కాపాడుతుందన్న లెక్క ఏమీ లేదని అది చూస్తే తెలుస్తుంది. కాకపోతే తలకి పెట్టి చూడకుండా తెప్పించుకోవడం కాబట్టి చుట్టుకొలత ఒక్కటే పంపితే చాలదు. నుదుటి నుంచి వెనక్కి ఎంత, చెవి పై నుంచి చెవి పైకి అడ్డంగా ఎంత, ఇవి కూడా పంపండి. కోల తలా గుండ్రటి తలా అన్నది వాటితో తేలుతుంది.

బాడీ ప్రొటెక్టర్ నేనైతే మొదటి రోజు నుంచే వేసుకోమంటాను. ప్రొటెక్టర్ల ప్రమాణం ఈఎన్ 13158, అందులో లెవెల్ 3 చూడండి.

సవారీ_మాస్టారు:
డాలస్ గారూ, డబ్బుంటే నేనూ కాదనను. కానీ 12 వేలలో ప్రొటెక్టర్ ఇరికిస్తే హెల్మెట్‌లోనో బూట్లలోనో కోత పడుతుంది, అది నాకు సమ్మతం కాదు. పోల్స్ (నేల మీద పరిచిన కర్రలు) మీదుగా, జంపుల మీదుగా వెళ్ళే దశ వచ్చేసరికి కొనుక్కోవచ్చు. ఈలోగా స్కూల్లో ఉంటే అడిగి వేసుకోండి. ముందు అంచు ఆఖరి పక్కటెముక కింద 25 మిల్లీమీటర్లు దిగాలి. వెనక అంచుకీ జీనుకీ మధ్య ఒక అరచెయ్యి సందు ఉండాలి, లేకపోతే కూర్చున్న ప్రతిసారీ జీను దాన్ని పైకి తోసి మెడకి కొడుతుంది. ఒంటి వేడికి నురుగు మెత్తబడుతుంది కాబట్టి పది నిమిషాలాగి పట్టీలు మళ్ళీ బిగించాలి. బైకు జాకెట్ దీనికి బదులు కాదు.

కొత్త_రౌతు:
అందరికీ చాలా థాంక్స్. స్కూలు హెల్మెట్ తిరగేసి చూశాను, వీజీ1 01.040 ఉంది, తయారీ రెండేళ్ళ కిందటిది. మా పిన్ని జూన్‌లో వస్తోంది, అందాకా దానితో నడిపి తర్వాత సొంతది తెప్పించుకుంటా. చాప్స్ కొలత పిక్క 37, ఎత్తు 42 వచ్చింది. చూసిన సైజు చార్టులో 36-38 చుట్టుకొలతకి 40 ఎత్తు, 38-40కి 43 ఎత్తు ఉన్నాయి. ఏది తీసుకోవాలి? బూట్ల కొట్లో ఒక చెల్సీ నచ్చింది, మడమ ఉంది గానీ సోలు మీద చిన్న చిన్న గీతలున్నాయి.

జీను_తోలు:
చుట్టుకొలతే ముఖ్యం, 36-38 తీసుకోండి. ఎత్తు రెండు సెంటీమీటర్లు తక్కువైనా పర్వాలేదు, వదులైతే మాత్రం కాలి చుట్టూ తిరిగిపోయి జిప్ ముందుకి వచ్చేస్తుంది. సాగే పట్టీ ఉన్న సింథటిక్ రకమైతే తోలు చాప్స్ దిగినంతగా కిందికి దిగదు, మీకు అదే నయం.

బూటు సోలు గీతల్లో రూపాయి బిళ్ళ అంచు నిలబెట్టి చూడండి. గీతలో బిళ్ళ పట్టుకుని నిలబడితే వద్దు, జారి పడిపోతే తీసుకోండి. కొన్నాక మొదటి క్లాసుకి పది నిమిషాలు ముందు వెళ్ళి, గుర్రాన్ని సైస్ (గుర్రాల్ని చూసుకునే మనిషి) పట్టుకుని ఉండగా ఎక్కి, నిలబడ్డ చోటే రెండు పాదాలూ రికాబుల్లోంచి పదిసార్లు తీసి పెట్టండి. ఒక్కసారి అడ్డుపడినా ఆ బూటు ఇంటికి, ఆ రోజుకి స్కూలు బూటు.